పంటి మూలకణాలు

పంటి మూలకణాలు అనగా పంటి లోపలి మెత్తని పల్పులోను, పంటి చుట్టూ ఉండే కణజాలంలోను నివసిస్తూ, అవసరమైనపుడు ఇతర కణాలుగా మారగల కణాలు. దెబ్బతిన్న పంటిని వీటితో బాగుచేయడానికి పరిశోధనలు జరుగుతున్నాయి. కొత్త పన్నునే మొలిపించడం వేరే సమస్య. వార్తలలో ఈ రెంటినీ తరచు కలిపివేస్తుంటారు.

పన్ను మళ్ళీ ఎందుకు మొలవదు

కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి చేపలకు దవడలపై పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. అవి అరిగి ఊడినకొద్దీ జీవితాంతం కొత్తవి వస్తూనే ఉంటాయి. మనిషికి 20 పాలపళ్ళు, ఆపై 32 శాశ్వత దంతాలు, అంతే. పళ్ళను పుట్టించే కణజాలం ఆ తరువాత క్షీణిస్తుంది. ఎనామిల్ అనే పింగాణి పొరను తయారుచేసే కణాలు పన్ను చిగురును చీల్చుకొని వచ్చేసరికే నశిస్తాయి. అందుచేత పుచ్చిన పంటి గుంట దానంతట అది పూడదు. పల్పులోని మూలకణాలు మాత్రం మిగిలి ఉండి, లోపలివైపున కొంత డెంటిన్‌ను చేర్చగలవు.

పరిశోధనలు

2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో గ్రాంథోస్, షీ బృందం జ్ఞానదంతాల పల్పులో మూలకణాలను గుర్తించింది. 2003లో అక్కడే మియురా తదితరులు, తెలుగునాట పిల్లలు ఇంటికప్పు మీదకు విసిరే ఊడిన పాలపళ్ళలో కూడా ఇవి ఉన్నాయని చూపారు. 2018లో చైనా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ముఖ్యమైనది. దెబ్బ తగిలి ముందుపంటిలోని పల్పు చనిపోయిన పిల్లలకు, వారి పాలపంటి నుండే తీసి పెంచిన మూలకణాలను ఆ పంటిలో అమర్చారు. రక్తనాళాలు, నాడులతో సహా పల్పు తిరిగి ఏర్పడింది, పంటికి స్పర్శ వచ్చింది. అయితే అక్కడ పన్ను ఉన్నదే, లోపలి భాగం మాత్రమే కొత్తది.

కొత్త పన్ను కోసం జపానులో కత్సు తకహషి బృందం ఎంచుకున్న మార్గంలో మూలకణాలను అమర్చడం లేదు. పళ్ళ ఎదుగుదలను అడ్డగించే యుసాగ్-1 అనే ప్రోటీనును ప్రతిరక్షకంతో అణచడమే దాని పద్ధతి. ఎలుకలలో ఫలితం కనబడిన తరువాత, మందు సురక్షితమా కాదా తేల్చడానికి 2024లో క్యోటోలో మనుషులపై పరీక్షలు మొదలుపెట్టారు.

భారతదేశంలో

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, మహానగరాలలోనైనా పుచ్చుపంటికి సాధారణంగా దొరికే వైద్యం సిమెంటు నింపడం, రూట్ కెనాల్, లేదా పన్ను తీసి కట్టుడు పన్ను, ఇంప్లాంటు పెట్టడమే. పిల్లల పాలపళ్ళను భవిష్యత్తు కోసం రుసుము చెల్లించి దాచుకోవాలన్న ప్రకటనలు నమ్మేముందు తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తాన్ని నిల్వచేయడానికి మాత్రమే అనుమతించాయి. పంటి పల్పుతో సహా ఇతర కణజాలాల వాణిజ్య నిల్వకు అనుమతి ఇవ్వలేదు.