బ్రహ్మపుత్రాతీరమున అస్సాము

గోడ లావైనకొలది ఇల్లు గట్టిదని సామాన్యముగా జనులు తలంతురు. అస్సామువారు మాత్రము గోడ తేలికయైనకొలది ఇల్లు క్షేమమని అనుభవమువలన నేర్చుకొనిరి. ఆ రాష్ట్రమున నేల కంపించును. నది దారి మార్చుకొనును.

టిబెట్టులో పుట్టిన బ్రహ్మపుత్రానది అరుణాచలప్రదేశము మీదుగా అస్సాములో ప్రవేశించి, పడమరగా పాఱి, బంగ్లాదేశమునకు పోవును. కొన్ని తావుల దాని ఆవలి యొడ్డు కంటికి ఆనదు. గౌహతివద్ద మాత్రము కొండల నడుమ నది ఇఱుకై, సుమారొక కిలోమీటరు వెడల్పున నుండును. అస్సాము చరిత్రలో ఈ యిఱుకుచోటు ప్రసిద్ధమైనది. 1228లో పట్కాయి కొండలు దాటి వచ్చిన సుకఫా స్థాపించిన అహోం రాజ్యము సుమారు ఆఱువందల యేండ్లు నిలిచెను. 1671లో మొగలుసేన దండెత్తి రాగా, లచిత్ బర్ఫుకన్ అను సేనాని జ్వరపీడితుడయ్యు పడవ నెక్కి, ఇచ్చటనే సరాయిఘాట్ వద్ద దానిని ఓడించెను. మైదానమున పేరుపడిన మొగలుల గుఱ్ఱపుదళము నీటిమీద నేమి చేయగలదు! అస్సాములో బ్రహ్మపుత్రపై తొలి వంతెనయు ఇచ్చటనే 1962లో పూర్తియయ్యెను. అంతవఱకు రైలు ప్రయాణికులు రేవుపడవలపై నది దాటుచుండిరి.

బర్మావారి దండయాత్రలచే అహోం రాజ్యము చితికిపోయెను. 1826 నాటి యాండబూ సంధితో ఆంగ్లేయుల ప్రాబల్యము నెలకొనెను. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడి తేయాకు సాగునకు పూనుకొనెను. తేయాకు మొక్కకు వాన మిక్కిలి కావలెను. కాని వేళ్లకడ నీరు నిలువరాదు. అందుచే వరి పల్లమునను, తేయాకు మెట్టనేలలోను వెలసినవి. తోటలకు కూలీలను ఛోటానాగపూరు, ఒడిస్సా, గంజాం, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెచ్చిరి. వారిలో తెలుగువారును కలరు. గడువు తీరకముందు తోట విడిచిపోయినవారు శిక్షింపబడుచుండిరి. వారి వరుసయిండ్లకు ‘లైన్లు’ అని పేరు. నేడు భారతదేశపు తేయాకులో సగమునకు పైగా అస్సాములోనే పండుచున్నది. దిగ్బాయిలో 1889లో చమురు పడెను; 1901లో అచ్చట శుద్ధికర్మాగారము వెలసెను.

1897 జూన్ 12వ తేదీ సాయంకాలమున గొప్ప భూకంపము సంభవించెను. అప్పటి రాజధానియగు షిల్లాంగులో రాతికట్టడములు నేలమట్టమయ్యెను. పిమ్మట కట్టినవారు రాతిని విడిచి కొయ్యచట్రమును నిలిపిరి. చట్రముల నడుమ ఇకరా యను రెల్లుజాతి కాడలను పేర్చి, మట్టితో మెత్తి, పైన రేకులు కప్పిరి. ఇట్టి యిల్లు ఊగునుగాని సులభముగా కూలదు; ఒకవేళ గోడ విఱిగినను లోపలివారిని నలుపునంతటి బరువు దానికి లేదు. దీనికి ‘అస్సాం తరహా యిల్లు’ అని పేరు వచ్చెను. 1950 ఆగస్టు 15న అంతకంటె పెద్ద భూకంపము వచ్చెను. కొండచరియలు విఱిగి మట్టి నదిలో పడుటచే నదీగర్భము మెఱకవేసెను. తరువాతి యేండ్లలో డిబ్రూగఢ్ పట్టణములో చాల భాగమును నది కోసివేసెను.

1972లో మేఘాలయము వేఱు రాష్ట్రమయ్యెను. ఆ పిదప అస్సాము రాజధాని గౌహతి చెంతనున్న దిస్పూరునకు మాఱెను. నేడు గౌహతిలో స్థలము ప్రియమై, పాత ఇకరాయిండ్లు తీసివేసి అంతస్తుల మేడలు కట్టుచున్నారు. ఇంజనీర్ల లెక్క ప్రకారము ఉక్కు, సిమెంటు వేసి కట్టిన మేడ కంపమునకు ఓర్చుకొనును. లెక్క తప్పిన మేడ ఏదో కంటికి తెలియదు.

మాజులీ ద్వీపమున మిసింగు జాతివారు వెదురు గుంజలపై ‘చాంగ్ ఘర్’ అను ఎత్తుటిండ్లు కట్టుకొందురు. క్రింది ఖాళీచోట పశువులుండును, మగ్గము ఆడును. వఱద వచ్చినపుడు నీరు నేలక్రింద పోవును. నది గట్టును కోయసాగినచో ఇల్లు విప్పి, వెదుళ్లు మోసికొని వేఱొకచోట నిలుపుదురు. పొలమును మాత్రము మోసికొనిపోలేరు. ఇటీవల కొందఱు వెదురు గుంజలకు బదులు కాంక్రీటు స్తంభములు వేసి, వెనుకటికంటె ఎత్తుగా నిలుపుచున్నారు.