అయిదున్నర వేలు అయిదైన వైనం

బస్తర్ అడవుల్లో ఎండాకాలం అంటే తునికాకు. కోసిన ఆకుల్ని యాభై చొప్పున కట్ట కడతారు. అలాంటివి వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. అంటే పదకొండు అయిదువందల నోట్లు. వాటిలో ఏ నోటు తిప్పి చూసినా సొమ్ము రెండు రకాల అంకెల్లో ఉంటుంది: మామూలు 500 ఒకటి, నాగరి అంకెల్లో అదే మొత్తం ఇంకొకటి.

సంతలో ఎవరికీ ఇందులో తికమక లేదు. తికమకంతా కంప్యూటరుకే. ‘5,500’ అని కామాతో సహా టైపు చేసి, సీ భాషలో పాతకాలం నుంచీ ఉన్న ‘ఏటూఐ’ అనే సాధనానికి ఇవ్వండి. 5 అంటుంది. అదే సొమ్మును నాగరి అంకెల్లో రాసి ఇస్తే 0 అంటుంది. రెండుసార్లూ ఎక్కడో పొరపాటు జరిగిందన్న మాట ఎత్తదు.

ఈ సాధనం చేసేది చిన్న పనే. మనం కీబోర్డు మీద 5 నొక్కితే కంప్యూటరుకు చేరేది అయిదు కాదు, 53. అమెరికాలో 1963లో ఖాయం చేసిన ఆస్కీ పట్టిక ప్రకారం సున్నా బొమ్మకు 48, ఒకటికి 49, అలా తొమ్మిదికి 57. ఆ 48 ఊరికే పెట్టింది కాదు. ఆ సంకేతాన్ని ద్విసంఖ్యామానంలో రాస్తే చివరి నాలుగు బిట్లూ అంకె అసలు విలువే అయ్యేలా చూసుకుని పెట్టారు. కాబట్టి వచ్చిన సంకేతంలోంచి సున్నా సంకేతాన్ని తీసేస్తే మిగిలేది విలువ. అంతకుముందు వచ్చినదాన్ని పదితో హెచ్చించి దీన్ని కలపాలి: 5, 55, 550, 5500. కెర్నిగన్, రిచీలు 1978లో సీ భాష మీద రాసిన పుస్తకంలో ఈ లూపు ఒక పాఠం. ఆ పుస్తకం చదివి ప్రోగ్రామింగ్ నేర్చుకున్న తరాలన్నీ దీన్ని ఒక్కసారైనా చేత్తో రాసినవే.

లోపం కూడా అక్కడే ఉంది. అంకె కానిది ఎదురవగానే ఏటూఐ ఆగిపోయి, అప్పటిదాకా పోగైనది చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. కామా దగ్గర ఆగితే 5. మొదటి గుర్తే తెలియనిదైతే 0. ఆ సున్నా నిజంగా రాసిన సున్నానో, చదవలేక ఇచ్చిన సున్నానో తేల్చే దారి లేదు. ‘ఎక్కడ ఆగానో’ కూడా చెప్పే స్ట్రటోల్ అనే సాధనం తర్వాత వచ్చింది. అయినా పాత అలవాటు వారసులకు అంటుకుంది. జావాస్క్రిప్టులో పార్స్‌ఇంట్‌కు ‘5,500’ ఇచ్చినా అయిదే. పీహెచ్‌పీలోనూ అయిదే. తనిఖీ ఏమీ లేకుండా లూపు మనమే రాసుకుంటే ఇంకో వింత. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ పట్టికలో నాగరి సున్నా సంకేతం 2406. అందులోంచి కూడా 48 తీసేసుకుంటూ పోతే నాగరి అంకెల్లోని అయిదున్నర వేలు 26,25,238గా తేలుతుంది. నన్నడిగితే ఆ సున్నా కన్నా ఈ ఇరవై ఆరు లక్షలే నయం. చూడగానే ఎవరో ఒకరు గోల చేస్తారు.

మన దేశంలో ఎవరి అంకెలు వాడాలన్న తగువు కంప్యూటర్ల కన్నా ముందుది. రాజ్యాంగ సభలో హిందీ గురించి ఎంత వాదన నడిచిందో అంకెల గురించీ అంత నడిచింది. నాగరి అంకెలు తమ నెత్తిన రుద్దవద్దని దక్షిణాది సభ్యులు పట్టుబట్టారు. 1949 సెప్టెంబరు 14న కుదిరిన రాజీ ఇప్పుడు 343వ అధికరణం: కేంద్ర వ్యవహారాల్లో ‘భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం’, రాష్ట్రపతి అనుమతిస్తే దానితోపాటు నాగరి అంకెలు. 1, 2, 3లు కూడా ఇక్కడ పుట్టి అరబ్బుల మీదుగా ఊరు తిరిగి వచ్చినవే కనుక ఆ పేరు అబద్ధమేమీ కాదు.

కంప్యూటర్లలో ఈ చిక్కును మొదట శ్రద్ధగా విప్పింది ఇస్కీ అనే సంకేత పట్టిక. కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణె సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ పరిజ్ఞానం దాని వెనక ఉంది. 1991లో అది భారతీయ ప్రమాణమైంది. తెలుగు, నాగరి, బెంగాలీ, ఏ లిపైనా ఒకే అక్షరానికి ఒకే గడి. అంకెలూ అంతే. యూనికోడ్ ఆ వరసను దించుకుని, ఒక్కో లిపికి 128 గడుల వీధి ఇచ్చింది. నాగరి సున్నా 2406లో ఉంటే, ఆరు వీధులు దాటాక తెలుగు సున్నా 3174లో ఉంది. తమిళానికి మాత్రం ఆ గడి చాలాకాలం ఖాళీ. వాళ్ళ పాత పద్ధతిలో పదికీ నూరుకీ వెయ్యికీ వేరే గుర్తులు, సున్నాతో పని లేదు. 2005లో గానీ తమిళ సున్నా ఆ గడిలోకి రాలేదు. ఇప్పుడు యూనికోడ్‌లో ఇలాంటి పదేసి అంకెల జట్లు అరవైకి పైనే ఉన్నాయి. ప్రతి జట్టూ సున్నా నుంచి తొమ్మిది దాకా వరసగానే ఉంటుంది. కనుక చదివే సాధనం ఏ జట్టుకైనా దాని సున్నా ఎక్కడుందో తెలుసుకుంటే చాలు.

కానీ ఎందరు తెలుసుకుంటున్నారు? పైథాన్ 3కు ‘౫౫౦౦’ ఇస్తే 5500 అని చదువుతుంది. జావా కూడా చదువుతుంది. గో భాష చదవదు, జావాస్క్రిప్టు ‘సంఖ్య కాదు’ అంటుంది. డాట్‌నెట్‌ది వేరే కథ. పాఠంలో నమూనాలు వెతికే దాని రెజెక్స్‌లో ‘అంకె’ అనే గుర్తు తెలుగు అంకెల్ని ఒప్పుకుంటుంది, సంఖ్యగా మార్చే ఫంక్షన్ ఒప్పుకోదు. గేటు దగ్గర కాపలావాడు దండం పెట్టి లోపలికి పంపితే, లోపల గుమాస్తా మెడపట్టి గెంటినట్టు. తెలుగువాళ్ళకు సొంతంగా ఇంకొక తంటా ఉంది. మన సున్నా ‘౦’, అక్షరం పక్కన పెట్టే ‘ం’ కంటికి ఒకటే. పది అని ‘౧౦’ కొట్టబోయి ‘౧ం’ కొడితే చూసేవాడికి తేడా తెలియదు, పైథాన్ మాత్రం ససేమిరా అంటుంది. నా లెక్కన పైథాన్ చేసిందే సరైన పని.

కామాల సంగతికి వస్తే, మనం వెనక నుంచి మూడు, ఆపైన రెండేసి చొప్పున విడదీస్తాం: 1,00,000. జర్మన్లు వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. అక్కడి సెట్టింగులో ‘5,500’ అంటే అయిదున్నర, వేలు కాదు. దీనికోసమే 1989 నాటి సీ ప్రమాణంలో ‘లొకేల్’ చేర్చారు, ఇప్పుడు దేశదేశాల అలవాట్లను సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి కోశం భద్రపరుస్తోంది. తెలుగు, హిందీ పేజీల్లో మన మూడు-రెండు-రెండు పద్ధతే ఉంది. అయితే ఫైలు తయారుచేసినవాడి లొకేలూ చదివేవాడి లొకేలూ ఒకటే కావాలని ఎక్కడుంది?

ఇప్పుడు బస్తర్ అసలు ప్రశ్న: అక్కడి భాషల సొంత అంకెల్ని కంప్యూటరు చదువుతుందా? జగదల్‌పూర్ నుంచి దక్షిణాన కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి వెంట గోండీ, హల్బీ, దోర్లీ, కోయ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. తెలుగు ఇక్కడికి నిన్న వచ్చింది కాదు, బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. గోండీని ఛత్తీస్‌గఢ్‌లో నాగరిలో రాస్తారు, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. వీటికి తోడు ఆ భాషకు సొంత లిపులు రెండున్నాయి. ఒకటి బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో రూపొందించినది. రెండోది ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో రాతప్రతుల రూపంలో దొరికినది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. రెంటికీ సొంత అంకెలున్నాయి. మసారాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కాయి.

ఎక్కేసరికి ముందు వీధులన్నీ నిండిపోయాయి. మసారాం సున్నాకు 73040, గుంజాల సున్నాకు 73120 దక్కాయి. చిక్కంతా ఈ పెద్ద నంబర్లలోనే. జావా పుట్టిన రోజుల్లో ప్రపంచంలోని అక్షరాలన్నీ 65,536 గడుల్లో పట్టేస్తాయని లెక్కవేసి, ఒక అక్షరానికి 16 బిట్లు కేటాయించారు. అంతకు మించిన అక్షరాన్ని రెండు ముక్కలు చేసి పెడుతుంది. జావాలో పాఠాన్ని సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్ ఇప్పటికీ ఒక్కో 16 బిట్ల ముక్కనే పట్టి చూస్తుంది. మసారాం సున్నా దాని ముందుకు 55303, 56656 అనే రెండు ముక్కలుగా వస్తుంది. రెండూ అంకెలు కావు కనుక తోసేస్తుంది. తెలుగు అంకెలు చదివిన నోరే గోండీ అంకెలు చదవలేకపోవడానికి ఇంతకుమించి కారణం లేదు, అవి ఆలస్యంగా వచ్చాయంతే.

పైథాన్‌లో ఈ ముక్కల బాధ లేదు, పట్టిక పాతబడే బాధ ఉంది. 2016లో వచ్చిన 3.6 తొమ్మిదో యూనికోడ్ పట్టికతో నడుస్తుంది కనుక అది గోండీ అంకెల్ని ఎరగదు. 2018 జూన్‌లో వచ్చిన 3.7 రెండు జట్లనూ చదువుతుంది. అదే ప్రోగ్రామును, ఒక్క అక్షరం మార్చకుండా, పాత కంప్యూటరులో నడిపితే ఎర్రర్, కొత్తదాంట్లో 5500.

జావాతోనే పని నడవాల్సినచోట పార్స్‌ఇంట్‌కు ఇచ్చే ముందే పాఠాన్ని ముక్కలుగా కాక పూర్తి అక్షరాలుగా నడిచి, ప్రతి అంకెకూ దాని విలువ అడిగి, 0 నుంచి 9 దాకా మామూలు అంకెల్లోకి దించి పంపాలి. ఆ విలువ చెప్పే ఫంక్షన్ 2004 నుంచీ జావాలోనే ఉంది. పది వరసల పని.