వరహా అను మాట

పూర్వకథలు చదువునపుడు "రాజుగారు నూరు వరహాలిచ్చిరి" వంటి వాక్యములు తరచుగా కనబడును. వరహా యననేమని యడిగినచో విద్యార్థులలో కొందరు రూపాయి యనియు, కొందరు వరమునుండి పుట్టిన మాట యనియు చెప్పుదురు. రెండును సరికావు.

వరహా యనునది వరాహ శబ్దమునుండి వచ్చినది. వరాహమనగా పంది, విష్ణుమూర్తి యవతారములలో నొకటి. అది చాళుక్యులకు రాజలాంఛనము. నేడు పెదవేగి పేరున మిగిలియున్న వేంగి మన రెడ్డిగూడెమునకు మిక్కిలి దూరము కాదు. ఆ రాజ్యము నేలిన తూర్పు చాళుక్యులలో శక్తివర్మయు, రాజరాజనరేంద్రుడును వరాహముద్రగల బంగారు నాణెములను వేయించిరి. వానిలో కొన్ని సముద్రమునకావల, బర్మాదేశపు అరకాను తీరమున దొరకినవి.

తరువాత విజయనగర రాజ్యమున వరహాయే ప్రధానమైన బంగారు నాణెమయ్యెను. దాని తూకము సుమారు 3.4 గ్రాములు. అందు సగమును తెలుగువారు మాడ యనిరి. కృష్ణదేవరాయల (1509–1529) నాణెములపై బాలకృష్ణుడును, అచ్యుతరాయల నాణెములపై గండభేరుండ పక్షియు గలవు. పంది బొమ్మ లేకున్నను జనులు వానిని వరహాలనియే పిలిచిరి. పేరు బొమ్మను విడిచి బంగారమును పట్టుకొనెనన్నమాట.

ఈ నాణెమునే ఐరోపావారు పగోడా యనిరి. చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీవారి లెక్క యిట్టిది: 80 కాసులు ఒక పణము; 42 పణములు ఒక వరహా; అనగా వరహాకు 3,360 కాసులు. 1808 ప్రాంతమున వారు అర వరహా, పావు వరహా నాణెములను వెండితో ముద్రించిరి. వానిపై గోపురపు బొమ్మయు, ఇతర లిపులతోపాటు తెలుగు అక్షరములును గలవు. అప్పుడు పేరు బంగారమును గూడ విడిచి, విలువకు మాత్రమే గుర్తుగా నిలిచెను.

1818లో చెన్నపట్టణపు రాజధానిలో రూపాయి ప్రధాన నాణెమయ్యెను. వరహాకు మూడున్నర రూపాయలని నిర్ణయించిరి. కావున ఆనాటి దస్తావేజులో 100 వరహాలని యున్నచో 350 రూపాయలని గ్రహింపవలెను. నూరు రూపాయలని చదువువాడు దాత యిచ్చిన దానములో రెండువందల యేబది రూపాయలు కాజేసినవాడే యగును. అంతకు పూర్వపు వ్రాతయైనచో ఏ రాజు వరహా, ఏ లోహము, ఎంత తూకము అని ముందు విచారింపవలెను.

ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు. పావలా యనగా రూపాయిలో నాలుగవ వంతు. 1957 వరకు అది నాలుగణాలు. పిమ్మట ఇరువదియైదు పైసలు. ఆ నాణెము 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగెను. అయినను పావలా వడ్డీ యను మాట నిలిచియున్నది. దాని యర్థము నూటికి నెలకు పావలా. అనగా ఏటికి మూడు రూపాయలు. అట్లే "రెండు రూపాయల వడ్డీ" యన్నచో నూటికి ఏటికి ఇరువదినాలుగు. ఇది తెలియక, ఏటికి రెండే యనుకొని మామిడితోటపై అప్పు తెచ్చిన రైతునకు కాపు చేతికి వచ్చునప్పటికి ఋణమే మిగులును.

విద్యార్థులారా, నాణెము చెల్లకపోయినను దాని పేరు చెల్లుచునే యుండును. కావున ధనమునకు సంబంధించిన మాట వినబడినప్పుడు ఎప్పటిది, ఎంతటిది, ఎంతకాలమునకు అని మూడు ప్రశ్నలు వేయుడు. ఇంటిలో పెద్దలు కాగితముపై వ్రేలిముద్ర వేయబోవునపుడు వారి పక్షమున ఆ ప్రశ్నలడుగుటకే మీ చదువు.