మీకు తెలుసా? కార్నరు కొట్టిన ఘనా వీరుడు

1993 మే 26వ తేదీ రాత్రి, మ్యూనిక్ నగరపు ఒలింపిక్ క్రీడాంగణమున, దుర్జయమని పేరొందిన మిలాన్ జట్టును 1-0 తేడాతో నిర్జించి, ఫ్రెంచి జట్లలో ప్రప్రథమముగా యూరోపియను కప్పును చేజిక్కించుకొనిన మార్సెయ్ పక్షమున, విరామమునకు కించిత్పూర్వము మైదానపు మూలనుండి బంతిని వంపుగా తన్ని బసీల్ బోలీ శిరస్సునకు అందించినవాడు, ఘనా దేశీయుడగు అబెదీ పెలే. గోలు వేసినవానిని లోకము కీర్తించును. కార్నరు కొట్టినవాని నెవరు తలంతురు? ఈతని అసలు పేరు అబెదీ అయ్యూ. ‘పెలే’ యనునది బ్రెజిలు క్రీడాకారుని తలపించు నైపుణ్యమునకు దక్కిన బిరుదము.

పదునేడేండ్లకే, 1982లో, ఆఫ్రికా కప్పు గెలిచిన స్వదేశపు జట్టున నుండిన ఈతడు, 1992లో నాయకుడై జట్టును ఫైనలువరకు నడిపియు, పసుపు కార్డుల కారణమున ఆ పోటీలో ఆడజాలకపోయెను. ఘనా పెనాల్టీలలో 10-11 తేడాతో ఓడెను. ఈతని కుమారులు ఆంద్రే, జోర్డాన్‌లును తరువాత మార్సెయ్ జట్టున ఆడిరి.