వరుసగా నంబర్ వన్ హిట్లు.. ఆ తర్వాత పిల్లల షోలో ఒక్క పాట! స్లేడ్ బ్యాండ్‌ను బీబీసీ ఎందుకు పక్కన పెట్టింది?

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు పెళ్లన్నా, తీర్థమన్నా స్టేజీ మీద ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. జిగేల్‌మనే కోటు వేసుకున్న సింగర్ మైక్ పట్టుకుంటే ‘వన్స్ మోర్’ అంటూ అరుపులు. ఇప్పుడు ఆ జాగాలోకి డీజే బాక్సులు వచ్చేశాయి. పాడేవాళ్లు వాళ్లే, గొంతూ అదే. పిలుపులే తగ్గాయి. సరిగ్గా ఇలాంటి పరిస్థితే బ్రిటన్‌లో ఓ పెద్ద బ్యాండ్‌కు ఎదురైంది. పేరు స్లేడ్. జనం మర్చిపోతున్న టైమ్‌లో వాళ్లు వదిలిన ఓ పాట చుట్టూ పెద్ద గొడవే జరిగింది. అసలేం జరిగిందంటే..

ముందు గ్లామ్ రాక్ అంటే ఏంటి?

1970ల మొదట్లో బ్రిటన్‌ను ఊపేసిన ట్రెండ్ ఇది. గిటార్ మోత, అందరూ కలిసి చప్పట్లు కొట్టి పాడుకునే పల్లవి. వాటికి తోడు తళుకుల బట్టలు, మెరిసే మేకప్, ఎత్తు మడమల బూట్లు. చెవులతో పాటు కళ్లకూ పండగ అన్నమాట. టీ రెక్స్, స్వీట్ లాంటి బ్యాండ్లు ఇందులో ఫేమస్. కానీ మాస్‌లో స్లేడ్ క్రేజే వేరు.

వుల్వర్‌హాంప్టన్ ప్రాంతానికి చెందిన నలుగురు కుర్రాళ్లు. నాడీ హోల్డర్ పాడతాడు. అద్దాలు అతికించిన టోపీ ఇతని ట్రేడ్ మార్క్. జిమ్ లీ బాస్ గిటార్, డేవ్ హిల్ గిటార్, డాన్ పావెల్ డ్రమ్స్. మేనేజర్ చాస్ చాండ్లర్. జిమీ హెండ్రిక్స్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది ఈయనే. పాటల పేర్లలో కావాలనే స్పెల్లింగ్ తప్పులు రాసేవాళ్లు. లవ్ అనే మాటను ఎల్‌యూవీ అని రాశారంటే చూడండి. టీచర్లకు ఒళ్లు మండింది, పిల్లలు ఎగబడి కొన్నారు. 1971 నుంచి 1973 చివరి వరకు ఆరు పాటలు నంబర్ వన్. ‘మెర్రీ క్రిస్మస్ ఎవ్రీబడీ’ అందులో ఒకటి. ఆ పాట ఇప్పటికీ డిసెంబర్ వస్తే బ్రిటన్ షాపుల్లో మోగుతూనే ఉంటుంది.

కట్ చేస్తే.. అమెరికా

1975లో బ్యాండ్ అమెరికాకు మకాం మార్చింది. అక్కడా గెలిస్తే ఇక తిరుగుండదని లెక్క. ఊళ్లకు ఊళ్లు తిరిగి కచేరీలు చేశారు. స్టేజీ మీద జనం ఊగిపోయారు కానీ రికార్డులు మాత్రం అమ్ముడుపోలేదు. ఈలోగా సొంత దేశంలో సీన్ మారిపోయింది. 1976 మొదట్లో వచ్చిన ‘లెట్స్ కాల్ ఇట్ క్విట్స్’ 11వ స్థానం దాకా వెళ్లింది. తర్వాత వచ్చిన ‘నోబడీస్ ఫూల్’ అసలు టాప్ 50లోకే రాలేదు. అదే ఏడాది చివర్లో సెక్స్ పిస్టల్స్ ‘అనార్కీ ఇన్ ద యూకే’తో దూసుకొచ్చింది. చిరిగిన చొక్కాలు, పిన్నీసులు.. ఇదే కొత్త ఫ్యాషన్. దాని పక్కన అద్దాల టోపీ ఒక్కసారిగా పాతదైపోయింది.

ఆ పాటలో ఏముంది?

1977 జనవరిలో ‘జిప్సీ రోడ్‌హాగ్’ అనే సింగిల్ వచ్చింది. సింగిల్ అంటే ఆల్బమ్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్మే చిన్న రికార్డు. ఇప్పుడు సినిమాకు ముందు లిరికల్ వీడియో వదలడం లాంటిదే. పాట క్లిక్ అయితే ఆల్బమ్ కూడా అమ్ముడవుతుంది. కాబట్టి స్లేడ్‌కు ఇది చాలా కీలకం.

మొదట్లో రేడియోలో బాగానే వేశారు. ప్రమోషన్ కోసం బీబీసీలో పిల్లల ప్రోగ్రామ్ ‘బ్లూ పీటర్’లో కూడా పాడారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పాటలో హీరో అమెరికా అంతా తిరుగుతూ మత్తుమందు అమ్మే మనిషి! స్కూలు పిల్లలు చూసే షోలో డ్రగ్స్ మాటలేంటని రచ్చ మొదలైంది. బీబీసీ ఆ పాటను ఆపేసింది. అసలు ఆ షోకి ఈ పాటను ఎంచుకునే ముందు ఒక్కరైనా సాహిత్యం చదివారా అన్నదే ఇక్కడ ఆశ్చర్యం.

రేడియోలో వినపడకపోతే ఆ రోజుల్లో పాట లేనట్టే. యూట్యూబ్ లేదు, రీల్స్ లేవు. ‘జిప్సీ రోడ్‌హాగ్’ 48 దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో చార్ట్‌లో ఉన్నవే 50 స్థానాలు! తర్వాత వచ్చిన ఆల్బమ్ పేరు ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు స్లేడ్’. అంటే ‘స్లేడ్ ఏమైపోయింది’ అని. లండన్‌లో ఓ గోడ మీద ఎవరో రాసిన మాటనే పేరుగా పెట్టేసుకున్నారు. ఆ ఆల్బమ్ చార్ట్‌లో కనిపించనే లేదు.

నిషేధమే ముంచిందా?

అలా అనుకోవడం తేలికే. కానీ ‘నోబడీస్ ఫూల్’ మీద ఏ నిషేధమూ లేదు, అయినా అదీ పోయింది. 1977లోనే ఎల్విస్ ప్రెస్లీ చనిపోయాక ఆయనకు నివాళిగా ఓ పాట చేశారు. దాన్నీ ఎవరూ ఆపలేదు, అయినా 32 దాటలేదు. రెండేళ్లు జనానికి దూరంగా ఉండటమే అసలు దెబ్బ. బీబీసీ చేసిందల్లా ఉన్న ఒక్క తలుపూ మూయడం.

ఆ తర్వాత మూడేళ్లు చిన్న క్లబ్బులు, కాలేజీలే దిక్కు. ఒకప్పుడు స్టేజీ మీద వెలిగిపోయిన డేవ్ హిల్ అయితే బ్యాండ్ మానేసి, తన రోల్స్ రాయిస్ కారును పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుకుందామనే దాకా వచ్చాడు.

1980 ఆగస్టులో రీడింగ్ ఫెస్టివల్. ఓజీ ఆస్బోర్న్ చివరి నిమిషంలో రానన్నాడు. ఆ ఖాళీలోకి స్లేడ్‌ను పిలిచారు. హిల్ మొదట ససేమిరా అన్నాడు. చాండ్లర్ బతిమాలి ఒప్పించాడు. హెవీ మెటల్ వినడానికొచ్చిన కుర్రకారు ముందు పాత హిట్లు వాయించారు. మైదానం మొత్తం గొంతు కలిపింది! మరుసటి ఏడాది ‘వీల్ బ్రింగ్ ద హౌస్ డౌన్’ టాప్ 10లోకి, 1983లో ‘మై ఓ మై’ రెండో స్థానానికి వెళ్లాయి.

ఇక అమెరికా సంగతి. 1983లో క్వయట్ రయట్ అనే అక్కడి బ్యాండ్ స్లేడ్ పాత పాట ‘కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్’ను మళ్లీ పాడింది. బిల్‌బోర్డ్‌లో అయిదో స్థానం! అది విన్నాకే అమెరికన్లకు ఈ పాట అసలు ఎవరిదన్న ఆరా మొదలైంది. 1984లో స్లేడ్ సొంత పాట ‘రన్ రన్‌అవే’ అమెరికా టాప్ 20కి చేరింది. 1975లో పెట్టేబేడా సర్దుకుని వెళ్లింది దీని కోసమే.