చర్చిలో మగ్గం.. చీరాలలో అట్టలు

మాది చిలకలూరిపేట. ఊళ్లో ఎటు చూసినా పత్తి లారీలు, స్పిన్నింగ్ మిల్లులు. నాన్న కూడా మిల్లులోనే పనిచేశారు. కానీ మా అసలు ఇల్లు చీరాల దగ్గర. తాతది గుంట మగ్గం. ఇప్పుడు దానిమీద బాబాయ్ కూర్చుంటున్నాడు. చిన్నప్పుడు సెలవులు ఇస్తే చాలు, పర్చూరు మీదుగా వెళ్లే బస్సెక్కి అక్కడ దిగిపోయేవాణ్ణి. మగ్గం పైన జాకార్డు పెట్టె, దాని పక్కన దండలా వేలాడే చిల్లుల అట్టలు. బాబాయ్ కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట జరిగేది, చీర అంచులో ఒక వరస పడేది. ఆ అట్టలతో పేకమేడ కట్టబోయి వీపు మీద ఒకటి తిన్నాను కూడా!

ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ మధ్య ఆఫీసు పని మీద మూడు వారాలు పారిస్ పంపారు. ఓ ఆదివారం మెట్రోలో ‘ఆర్ట్ ఎ మెత్యే’ స్టేషన్లో దిగాను. గోడలన్నీ రాగి రేకులు, సబ్‌మెరైన్‌లో ఉన్నట్టు గుండ్రటి కిటికీలు. ఆ ముస్తాబు ఎవరికోసమా అని పైకొచ్చి చూస్తే, ఎదురుగా పాత చర్చి. లోపల ప్రార్థన లేదు. పాత కార్లు, పైన వేలాడుతున్న విమానాలు! 1909లో ఇంగ్లిష్ చానల్ దాటిన బ్లేరియో విమానం అక్కడే ఉంది. భూమి తిరుగుతోందని కళ్లకు కట్టే ఫూకో లోలకం కూడా అక్కడే.

చూపిస్తేనే నేర్చుకుంటారు

ఆ చర్చి పేరు సెయింట్ మార్టిన్ దే షాం. ఫ్రెంచి విప్లవంలో మఠాల ఆస్తులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1794లో హెన్రీ గ్రెగ్వార్ ఒక ప్రతిపాదన పెట్టారు. కొత్త యంత్రాలు, పనిముట్లు, నమూనాలు అన్నీ ఒకచోట పెట్టి, పనివాళ్లకు ఆడించి చూపించాలని. విచిత్రం ఏంటంటే, ఆయన స్వయంగా మతాధికారి. యంత్రం ఎలా నడుస్తుందో చేసి చూపించడానికి ముగ్గురిని, బొమ్మలు గీయడానికి ఒకరిని పెట్టారు. 1802లో ఈ మఠం ఆవరణలోనే జనానికి తలుపులు తెరిచారు. ఇప్పుడు మనకది పాత సామాను మ్యూజియంలా కనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో అది సరికొత్త డిజైన్ల ఎగ్జిబిషన్.

తలుపులు తెరిచిన ఒకట్రెండేళ్లకే అక్కడికి వచ్చిన వారిలో లియోన్ నగరానికి చెందిన ఒక నేతగాడి కొడుకు ఉన్నాడు. పేరు జోసెఫ్ మారీ జాకార్డ్. అక్కడ 1740ల నాటి వోకాన్సన్ మగ్గం కనిపించింది. దాన్ని అర్థం చేసుకుని, దానికి చిల్లుల అట్టల దండ జోడించి 1804లో సొంత మగ్గం తెచ్చాడు. మా బాబాయ్ నెత్తిన ఉన్న పెట్టె పేరు ఆయనదే! చిన్నప్పటి నుంచీ జాకార్డు అంటున్నాను గానీ, అది ఒక మనిషి పేరని నాకు ఆ రోజు దాకా తెలీదు.

ఇంకో సంగతి. తర్వాత ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆజ్ఞలివ్వడానికి ఈ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. నా జీతం కూడా ఆ చిల్లుల్లోంచే వస్తోందన్నమాట.

బాబాయ్ అడిగిన ప్రశ్న

ఆగలేక అక్కణ్ణుంచే వీడియో కాల్ చేశాను.

“బాబాయ్, చూడు. మన జాకార్డుకి తాత ఇది!”

“ఏందిరా, పైన డోలు లాంటిది?”

అది చిల్లుల గొట్టం అని చెప్పేలోపే ఆయన అందుకున్నాడు. “సరే సరే. డోలు చుట్టూ ఎంత చోటుంటే అంతే డిజైను. అట్టలైతే కుట్టుకుంటా పోవచ్చు. చిల్లున్న కాడ సూది దూరుద్ది, కొక్కెం పోగుని లేపుద్ది. చిల్లు లేకపోతే సూది ఎనక్కి పోద్ది, పోగు కిందే. అంతేగా?”

ఆ బోర్డు మీద నేను పావుగంట చదివింది ఆయన అరనిమిషంలో చెప్పేశాడు.

“మరి అట్టలు రాకముందు పోగులు ఎవరు లేపేవాళ్లు?”

“పక్కన ఒక పిల్లాడు తాళ్లు లాగేవాడంట బాబాయ్.”

“అట్టలొచ్చాక ఆ పిల్లాడేమయ్యాడు?”

నా దగ్గర జవాబు లేదు. ఈ మధ్య మా ఆఫీసు క్యాంటీన్‌లోనూ ఇంచుమించు ఇదే ప్రశ్న తిరుగుతోంది. ఈసారి ఆ పిల్లాళ్లం మేమే.

ఫోన్ పెట్టేముందు బాబాయ్ నెమ్మదిగా అన్నాడు. “వచ్చే ఏడు మగ్గం తీసేద్దామనుకుంటున్నా అబ్బాయ్. మోకాళ్లు సాగట్లేదు. తమ్ముడు ఎటూ కూర్చోడు. జాకార్డు ఎవరన్నా కొంటారేమో అడుగు.”

మన దగ్గర ఎక్కడ చూడాలి?

తిరిగొచ్చేటప్పుడు విమానంలో చింతకింది మల్లేశం గుర్తొచ్చారు. ఆలేరు ప్రాంతం మనిషి. పెద్దగా చదువుకోలేదు. అమ్మ లక్ష్మి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పని మీద వెళ్లిన చోట ఇంకో యంత్రం కదలిక చూశాకే చివరి చిక్కు వీడిందని ఆయనే చెప్పారు. జాకార్డ్‌కి చూడ్డానికి ఒక హాలు ఉంది. మల్లేశంగారికి అదృష్టం కొద్దీ కంటపడింది. కంటపడని వాళ్లు ఎంతమందో!

మా పేటలో పత్తి గోడౌన్లు ఉన్నాయి. సంవత్సరంలో కొన్ని నెలలు ఖాళీగా ఉండే గది ఒక్కటి దొరికినా చాలు. బాబాయ్ మగ్గం, పక్కన ఒక కంప్యూటర్. స్కూలు పిల్లలు వచ్చి ఒక అట్ట వాళ్లే చిల్లు పొడిచి, పోగు లేస్తుందో లేదో చూసుకోవాలి. తెలిసినవాళ్లను అడుగుతున్నాను. ఇద్దరు నవ్వారు, ఒకాయన మాత్రం “సీజన్ అయ్యాక రండి” అన్నారు.

బాబాయ్‌కి చెబితే వెంటనే ఊ అనలేదు. కాసేపాగి షరతు పెట్టాడు.

“అద్దాల్లో పెట్టి బోర్డు తగిలిస్తానంటే ఇవ్వనురా. ఆడేట్టయితే చెప్పు. శనివారాలు నేనే వచ్చి కూర్చుంటా.”

సీజన్ అయ్యేదాకా ఆగమన్నాను. ఈలోగా మగ్గం ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు.