వీణకు పలుకు నేర్పు చేతులు

విజయవాడనుండి బందరునకు పోవు బాటలో పామర్రు కలదు. దానికి చేరువలోనే నాట్యమునకు పేరుగాంచిన కూచిపూడి యున్నది. ఈ సీమలో పాట విననివారు, ఆట చూడనివారు అరుదు. పాడినవారి పేరును, ఆడినవారి పేరును జనులు చిరకాలము చెప్పుకొందురు. కాని వారి వెనుక మ్రోగిన వాద్యమును చేసినవారెవరని అడుగువారు మిక్కిలి తక్కువ. ఒక పనసదుంగ పలికెడు వీణగా మారుట యెట్లో తెలిసికొనినచో, ఆ అడుగని పేరునకు ఎంత విలువ కలదో బోధపడును.

తెలుగునాట వీణల పనికి రెండు ఊళ్లు ప్రసిద్ధములు. ఒకటి నూజివీడు. మామిడితోటలకు పేరుపొందిన ఈ పట్టణము 2022 వరకు కృష్ణా జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరినది. ఇచట వీణలు చేసిన కుటుంబములలో ముస్లిం కుటుంబమును కలదు. సరస్వతీదేవి చేతి వాద్యమును వారు తరతరములుగా భక్తిశ్రద్ధలతో మలచుచు వచ్చిరి. రెండవది విజయనగరము జిల్లాలోని బొబ్బిలి. దాని చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఈ వృత్తిని నిలిపియుంచిరి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

నేడు మనము చూచు వీణ రూపము తంజావూరు నేలిన తెలుగు నాయకరాజుల కాలమున, 17వ శతాబ్దిలో, స్థిరపడినదని పెద్దలు చెప్పుదురు. 24 మెట్ల అమరికను రఘునాథనాయకుని పాలనతో ముడిపెట్టుట సంప్రదాయము. రఘునాథుడు స్వయముగ కవి, సంగీతజ్ఞుడు.

వీణకు పనసమ్రాను శ్రేష్ఠము. ఆ కలప బరువున తేలిక; పురుగుపట్టుటకు సులభముగ లోబడదు; నాదమును చక్కగా మోయును. ముదిరిన మ్రానునే ఎన్నుకొనవలెను. పచ్చికలపతో చేసిన వీణ ఆరినకొలది కుంచించుకొనిపోయి బీటలు వాఱును. అందుచే పనివారు దుంగను ఉజ్జాయింపుగా చెక్కి, నీడను చాలకాలము ఆరనిత్తురు. ఇచట తొందర పనికిరాదు.

ఆరిన కలపపై బాడిసయు, ఉలియు నడచును. వీణ పొడవు సుమారు 4 అడుగులు. గుండ్రని కుండ, పొడవైన దండి, కొనయందు వంగిన యాళిముఖము అనునవి దాని ముఖ్యభాగములు. ఈ భాగములను వేర్వేరుగా చేసి అతుకుట ఒక పద్ధతి. ఒకే దుంగనుండి అన్నింటిని మలచుట మరియొక పద్ధతి. అట్టిదానిని ఏకాండి వీణ యందురు. బొబ్బిలి వీణకు పేరు తెచ్చినది ఈ పద్ధతియే. ఏకాండి వీణను చెక్కువాని ఉలి ఒక్కమారు తప్పినచో, కుండకు రంధ్రము పడి నెలల శ్రమ వ్యర్థమగును. యాళి వెనుక దండిక్రింద సొరకాయ బుఱ్ఱను అమర్చుదురు. పూర్వము జింకకొమ్ముతోను దంతముతోను నగిషీలు పొదుగుచుండిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఆ ఆచారము క్రమముగా తొలగి, ప్లాస్టిక్ రేకులు వాడుకలోనికి వచ్చినవి.

కుండను తొలిచి బోలుచేసిన తరువాత దాని నోటిని పలుచని పలకతో మూయుదురు. తీగ ఒంటరిగా మీటబడినచో దాని ధ్వని పక్కవానికైనను సరిగా వినబడదు. సన్నని తీగ కొద్ది గాలినే కదలించగలదు. ఆ కదలిక పలకకు అందినప్పుడు, విశాలమైన పలక ఎక్కువ గాలిని కదలించును. అప్పుడు నాదము గదియంతయు నిండును. కావున పలక మందమైనచో వీణ మూగవోవును. మిక్కిలి పలుచనైనచో తీగల బరువునకు క్రుంగును. పనివాడు పలకను వ్రేలితో తట్టి, ఆ చప్పుడు విని, మరల కొంచెము చెక్కును. ఎచట ఆగవలెనో చెప్పునది కొలబద్ద కాదు, చెవియే.

నేటి బాలబాలికలు మక్కువపడు గిటారునకును ఇదియే సూత్రము. స్పెయిను దేశమున ఆంటోనియో డి టోరెస్ అను ప్రసిద్ధ గిటారు శిల్పి 1862లో ఒక వింత ప్రయోగము చేసెను. గిటారు వెనుక భాగమును, ప్రక్కలను కాగితపు అట్టతో చేసి, పైపలకను మాత్రము మంచి కలపతో చేసెను. నాదమునకు ప్రాణము పైపలకయే యని చూపుట అతని యుద్దేశము. సముద్రముల కావలనున్న శిల్పియు, నూజివీటి పనివాడును ఒకే సత్యమును తమ తమ పనిలో కనుగొనిరి.

పలకమీద నిలిపి తీగలను మోయు చిన్న పీటను గుఱ్ఱమందురు. దానిమీదుగా వాయించుటకు 4 తీగలు సాగును. తాళమునకు మరి 3 తీగలు ప్రక్కన ఉండును. తీగలను బిగించుటకు, వదులుచేయుటకు బిరడలు కలవు.

ఇక మిగిలినది మెట్ల పని. వీణకు 24 మెట్లు. అనగా స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. తీగను సరిగా సగమున నొక్కినచో పై స్థాయి స్వరము పలుకును. కదలెడు తీగ పొడవు 32 అంగుళములనుకొందము. 12వ మెట్టు 16 అంగుళములకు వచ్చును. 24వ మెట్టు గుఱ్ఱమునకు 8 అంగుళముల దూరమున నిలుచును. కాని మెట్ల నడుమ ఎడము సమానముగా ఉండదు. మొదటి మెట్టు తీగ మొదటినుండి సుమారు 1.8 అంగుళముల దూరమున ఉండగా, చివరి రెండు మెట్ల నడుమ అర అంగుళమైనను ఉండదు.

ఈ లెక్క తెలిసినంతమాత్రమున పని ముగియదు. మెట్టుపై నొక్కినప్పుడు తీగ కొంచెము సాగును. సాగిన తీగ స్వరము కొంచెము హెచ్చును. అందుచే లెక్క చూపిన చోటికి, చెవి కోరిన చోటికి వెండ్రుకవాసి భేదము వచ్చును. ఆ భేదమును దిద్దుటనే మేళము కట్టుట యందురు. గిటారు మెట్లను కొయ్యలో దిగగొట్టుదురు, అవి కదలవు. వీణ మెట్లనో, దండిమీద పోసిన నల్లని మైనములో నిలుపుదురు. పనివాడు మైనమును వెచ్చచేసి, లోహపు మెట్టును దానిలో ఒత్తి, తీగ మీటి వినును. స్వరము తగ్గినచో ఒకవైపునకు, హెచ్చినచో మరియొకవైపునకు జరుపును. ఇట్లు 24 మెట్లును శ్రుతితో సరిచూచును. చదువురాని పనివాడైనను ఇచట సంగీతవిద్వాంసునివంటి చెవి కలవాడై యుండవలెను.

మైనము మెత్తనిది గనుకనే మెట్లను దిద్దుటకు వీలైనది. మెత్తనిది గనుకనే కాలక్రమమున అది చెడును. కృష్ణాతీరమున రోహిణికార్తె యెండలు తగిలినప్పుడు మైనము మెత్తబడి మెట్లు కదలును. అప్పుడు ఎంతటి వైణికుడు వాయించినను అపస్వరము తప్పదు. వీణ యజమాని దానిని వీణకారునియొద్దకు కొనిపోయి మరల మేళము కట్టించుకొనవలెను. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. కుర్చీ చేసిన వడ్రంగితో మనకు అమ్మకమునాటితోనే పని తీరును. వీణ చేసినవానితో వీణ యున్నంతకాలము పని యుండును. పామర్రులో ఒక యింట తాతలనాటి వీణ యున్నదనుకొనుడు. మేళము కట్టువాడు దొరకనినాడు అది గోడనానిన కొయ్యయే యగును.

ఆ రోజు రాకూడదన్న భయము నేడు కలుగుచున్నది. ముదురు పనసదుంగలు దొరకుట కష్టమైనది. ఈ పని నేర్చుటకు ఏండ్లు పట్టును, ఆదాయము స్వల్పము. అందుచే వీణకారుల పిల్లలు పలువురు ఇతర వృత్తులకు మరలుచున్నారు. బొబ్బిలిలో సన్మానములకు బహూకరించు చిన్న వీణల కొలువు పెరిగినది. అవి కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి, అది మెచ్చదగినదే. కాని బొమ్మవీణకు మేళముతో పనిలేదు. దానిని చెక్కు చేయి మిగిలినను, స్వరమును వినిదిద్దు చెవి మిగులునని చెప్పలేము.

ఈమని శంకరశాస్త్రి (1922-1987), చిట్టిబాబు (1936-1996) మున్నగు ఆంధ్ర వైణికులు వీణానాదమును దేశదేశములకు వినిపించిరి. వారి వ్రేళ్లు ఆడిన మెట్లను ఎవరో ఒక పనివాడు మైనములో నిలిపియుండెను. వాయించువాని విద్యయు, చేయువాని విద్యయు బండికి రెండు చక్రములవంటివి. వీణకచేరి వినుటకు పోయిన విద్యార్థి, కచేరి ముగిసిన పిదప వైణికుని సమీపించి, "అయ్యా, ఈ వీణను చేసినదెవరండి?" అని వినయముతో అడుగవలెను. పదిమంది అడిగిననాడు ఆ పనికి గౌరవము కలుగును. గౌరవము కలిగిన పనిని నేర్చుకొనుటకు పిల్లలును ముందుకు వత్తురు.